పదహారణాలలో ఒక అణా

"పదహారణాల తెలుగు" అను మాట మన ఇండ్లలో నేటికిని వినబడుచున్నది. ఆడపిల్ల పట్టుచీర కట్టి, పూలు ముడిచి పెండ్లిపందిటిలోనికి వచ్చినచో, పదహారణాల తెలుగుపిల్ల యని పెద్దలు మురియుదురు. అణా చెలామణి నుండి తొలగి అరువది యేండ్లు దాటినది. అణాను చేతబట్టి బజారునకు పోయినవారు మనలో మిక్కిలి కొలదిమందియే మిగిలియున్నారు. నాణెము పోయినది, నానుడి నిలిచినది. ఆ పదహారింటిలో ఒక్క అణాను చేతిలోనికి తీసికొని, దాని చరిత్రమెట్టిది, దాని స్థితిని ఎట్లు పరీక్షింపవలెను, దానికి నిజముగా ఎంత వెల గలదు అను మూడు ప్రశ్నలను పాఠకుల యెదుట విచారింపదలచితిమి.

మేము పండితులము కాము. మెట్రిక్యులేషను వరకు చదివి, ముప్పది యేండ్లకు పైగా గుమాస్తాగా లెక్కల పుస్తకములు వ్రాసి విశ్రాంతి పొందినవారము. అయినను ఈ విచారమునకు మమ్ము పురికొల్పిన కారణమొకటి కలదు. మా మేనల్లుడొకడు చేతిఫోనులో ఒక ప్రకటన చూచెను. తెలుగక్షరములున్న పాత అణాకు లక్షల రూపాయలు ఇచ్చెదమని అందు చెప్పబడినది. మా ఇంట అట్టివి పదహారు కలవని ఎరిగినవాడగుటచే, వాని ఛాయాచిత్రములు తీసి పంపెను. అవతలివారు వెంటనే బేరము కుదిరినదనిరి. మొదట నమోదు రుసుమనిరి, పిదప పన్ను అనిరి, ఆపైన పంపిణీ ఖర్చు అనిరి. విడతలుగా పదునెనిమిది వేల రూపాయలు రాబట్టుకొని, తరువాత పలుకుట మానిరి. ఆ సొమ్ము మా చెల్లెలు తన కుమార్తె కళాశాల రుసుమునకై కూడబెట్టినది. పిల్లవాడు మా యెదుట తల వంచుకొని నిలుచుండగా మాకు కోపము కంటె సిగ్గే ఎక్కువ కలిగినది. ఇంటిలోని నాణెము నిజపు వెల ఇంతయని ముందుగా చెప్పవలసిన పెద్దలము మేమే గదా!

ఆ పదహారు అణాలు మా అవ్వవి. 1957లో కొత్త పైసలు వచ్చినపుడు ఇరుగుపొరుగువారందరు పాతవాటిని మార్చుకొనిరట. అవ్వ మాత్రము పదహారు అణాలు లెక్కించి, ఒక ఇత్తడి పెట్టెలో పెట్టి, "నిండు రూపాయి ఇంట ఉండవలె" నని పూజగూటిలో ఉంచినది. మేము పుట్టుసరికి ఆ పెట్టె అక్కడనే యున్నది. నేటికిని ఉన్నది.

చెన్నపట్టణమునకును నాణెమునకును గల సంబంధము పట్టణమంత పాతది. 1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుడు ఈ సముద్రతీరమున ఇంగ్లీషు కుంఫిణీవారికి కోట కట్టుకొన అనుమతి ఇచ్చినపుడు, నాణెములు ముద్రించుకొను హక్కును కూడ ఇచ్చెను. ఆయన తండ్రి చెన్నప్ప నాయకుని పేరనే చెన్నపట్టణమను పేరు వచ్చినదని పెద్దలందరు ఎరిగినదే. నాడు ఇచట నడచినవి వరహాలు, రూకలు, కాసులు. 80 కాసులు ఒక ఫణము, 42 ఫణములు ఒక వరహా. ఆ ఫణమునే మనవారు రూక యనిరి. ఉత్తర సర్కారులలో రాగి డబ్బులు నడచెను. 1794, 1797 తేదీలతో ఇంగ్లాండునందలి సోహో టంకశాలలో ముద్రింపబడి, 48 ఒక రూపాయికి సమానమని వ్రాయబడి వచ్చిన రాగి నాణెములు ఆ సర్కారులకై చేయబడినవే. రాగి నాణెమునకు పేరైన డబ్బు అను మాటయే తరువాత ధనమంతటికిని పేరయ్యెను. మన భాషలో ధనమునకు వాడుకయందున్న పేరు బంగారము నుండి గాక బీదవాని రాగిబిళ్ల నుండి వచ్చినదనుట గమనింపదగినది.

1808 ప్రాంతమున చెన్నపట్టణపు టంకశాలలో ముద్రితమైన పావు వరహా వెండి నాణెముపై ఒకవైపు ఆలయ గోపురము, మరియొకవైపు విష్ణుమూర్తి ఉండెను. దాని వెల ఇంగ్లీషు, పారసీకము, తమిళము, తెలుగు లిపులలో వ్రాయబడెను. తమిళమును తెలుగును ఒకే నాణెముపై ప్రక్కప్రక్కన నుండిన కాలమది. 1818లో వరహాల లెక్క పోయి రూపాయల లెక్క వచ్చెను. 1835లో కుంఫిణీ పాలనలోని దేశమంతటికి ఒకే విధమగు రూపాయి ఏర్పడెను. జార్జిటౌనులోని టంకశాల వీధి, తమిళులు తంగశాలై యని పిలుచునది, పేరు నిలుపుకొన్నది గాని, అందలి టంకశాల 1869లో మూతబడెను. అప్పటినుండి మన చేతికి వచ్చిన నాణెములు చాలవరకు కలకత్తా, బొంబాయి నగరములలో పుట్టినవే.

ఇక అణా సంగతి. రూపాయికి 16 అణాలు, అణాకు 4 కానీలు, కానీకి 3 దమ్మిడీలు. కనుక రూపాయికి 192 దమ్మిడీలు. ఈ లెక్క మన తాతలకు నోటికి వచ్చినది. ఆశ్చర్యమేమనగా, 1835 తరువాత డెబ్బది యేండ్ల వరకు అణా యనునది లెక్కల పుస్తకములలో నుండెనే గాని, బ్రిటిషు ఇండియాలో ఒక అణా నాణెము లేకుండెను. రాగి అర్ధణా యుండెను, వెండి బేడ యుండెను, నడుమ అణా లేదు. 1906 నాటి నాణెముల చట్టము ద్వారా ఆ లోటు తీరెను. రాగి మూడు పాళ్లు, నికెలు ఒక పాలు కలిపిన లోహముతో, అంచున పన్నెండు వంకులు తీర్చి, 60 గ్రెయినుల తూకమున, అనగా రూపాయి తూకములో మూడవ వంతున అణాను ముద్రించిరి. ఒకవైపు కిరీటధారియైన ఏడవ ఎడ్వర్డు ప్రతిమ. రెండవవైపు వెల ఐదు లిపులలో: ఇంగ్లీషు, నాగరి, ఉర్దూ, బంగాళీ, తెలుగు. దక్షిణదేశ లిపులలో తెలుగొక్కటే అందు కనబడును. ఇది మనము సంతోషింపదగిన విషయమే గాని, మనకు నీడనిచ్చిన పొరుగువారి యెదుట గొప్ప చెప్పుకొనుటకు కారణము కాదు.

అంచు వంకులు అలంకారమునకు మాత్రమే కావు. చదువురానివారును, చూపు మందగించినవారును, చీకటిలో చిల్లర లెక్కించు బండివారును తడిమి గుర్తుపట్టుటకు అవి పనికివచ్చెను. మొదటి ప్రపంచ యుద్ధకాలమున వెండి కరవు కాగా, 1918 నుండి బేడను కూడ నికెలు మిశ్రమముతో చతురస్రముగా ముద్రించిరి. రెండవ యుద్ధమున నికెలు కూడ అరుదయ్యెను. అందుచే 1942 మొదలు 1945 వరకు అణాను పసుపు వన్నెగల నికెలు ఇత్తడితో చేసిరి. పలువురి ఇండ్లలో బంగారమని దాచిన పచ్చని అణాలు ఇవియే. ఇందు రాగియు, తుత్తునాగమును, కొంచెము నికెలును తప్ప బంగారము లేశమును లేదు.

స్వాతంత్ర్యము వచ్చిన పిదప 1950లో వెలువడిన గణతంత్ర నాణెములలో అణాపై రాజు ప్రతిమ తొలగి, ఒకవైపు నందివంటి ఎద్దు నిలిచెను. వెల హిందీ, ఇంగ్లీషులలో మాత్రమే వ్రాసిరి. తెలుగు అణాపై నుండి అట్లు తొలగెను. కాగితపు నోటుపై భాషల పట్టికలో మాత్రము నేటికిని కలదు. 1957 ఏప్రిల్ 1న దశాంశ పద్ధతి అమలులోనికి వచ్చినది. ఒక అణాకు 6 నయాపైసలు, రెండణాలకు 12, మూడణాలకు 19, నాలుగణాలకు 25 అని పట్టిక ఏర్పరచిరి. అణా అణాగా మార్చినచో పదహారింటికి 96 పైసలే వచ్చును. నాలుగేసి చొప్పున మార్చినచో నిండు రూపాయి వచ్చును. గుమాస్తాలకు ఇట్టి లెక్క తలనొప్పి యని మా పై యధికారులు చెప్పగా వినియున్నాము. 2011 జూన్ 30 నుండి 25 పైసలును, అంతకు తక్కువ నాణెములును చెల్లుట మానినవి. పావలా కూడ అణా వెంటనే పోయినది.

ఇప్పుడు స్థితి పరీక్షకు వత్తము. మా యౌవనమున మూర్ మార్కెట్టు 1985లో అగ్నికి ఆహుతి కాకముందు, సెలవుదినములలో అచటి పాతవస్తువుల అంగళ్లలో తిరిగి, నాణెములు చూచువారి పద్ధతిని కొంత గ్రహించితిమి. నాణెమును ముఖములపై తాకక అంచులు పట్టుకొనవలెను. క్రింద మెత్తని గుడ్డ పరచుకొనవలెను. పగటి వెలుతురున భూతద్దముతో చూడవలెను. మొదట తేదీ తెలియుచున్నదా యని, పిదప ప్రతిమలో ఎత్తైన భాగములు, అనగా కిరీటపు రత్నములు, చెవి, గడ్డము, మీసము నిలిచియున్నవా యని పరికింపవలెను. అరుగుదల మొదట ఎత్తైన చోటులనే పట్టును. తరువాత రెండవవైపు త్రిప్పి, ఐదు లిపులలో ఎన్ని చదువవచ్చునో చూడవలెను. అంచు వంకులు పన్నెండును మొనలు చెడకయున్నవా, ఎచటనైన గాటు పడినదా, మొలత్రాటికో హారమునకో కట్టుటకై రంధ్రము చేసిరా, కొక్కెము అతికి తీసిన మచ్చ యున్నదా యని పరీక్షింపవలెను. తేదీ క్రింద చిన్న చుక్క వంటి గుర్తున్నచో సామాన్యముగా అది బొంబాయి ముద్ర. గుర్తు లేనిది సామాన్యముగా కలకత్తాది.

ఈ పరీక్ష ననుసరించి వర్తకులు నాణెములకు మెట్లు ఏర్పరచిరి. రూపము మాత్రమే తెలియునది గుడ్. ముఖ్యభాగములు స్పష్టముగా నున్నది ఫైన్. సన్నని గీతలు కూడ చాలవరకు నిలిచినది వెరీ ఫైన్. అరుగుదల మిక్కిలి స్వల్పమైనది ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్. చేతులు మారనిది అన్‌సర్క్యులేటెడ్. 1949లో అమెరికా దేశీయుడైన విలియం షెల్డన్ తమ దేశపు పెద్ద రాగి సెంటులకై 1 నుండి 70 వరకు అంకెలతో ఒక కొలమానము కల్పించెను. నేడు లోకమంతట నాణెముల వర్తకులు దాని ననుసరించుచున్నారు. అరుగుదల యనునది తప్పు కాదని ఇందువలన తెలియవలెను. ట్రాము టిక్కెట్టునకును, పూలకును, కూరగాయలకును చేతులు మారిన అణా అరుగక ఏమి చేయును? అది తన పని తాను చేసిన గుర్తు. నిజమైన తప్పు వేరొకటి కలదు. దానిని మేమే చేసితిమి గనుక దాచక చెప్పుచున్నాము.

మాకు పదునాలుగేండ్లప్పుడు దీపావళికి ముందు ఇంటి ఇత్తడి పాత్రలన్నియు తోముచుండిరి. అవ్వను సంతోషపెట్టవలెనని మేము ఆ పెట్టె విప్పి, పదహారు అణాలను చింతపండుతోను ఇటుకపొడితోను తళతళలాడునట్లు తోమితిమి. అవ్వ చూచి కొంతసేపు పలుకలేదు. పిదప, "పోనీలే నాయనా, మెరుస్తున్నాయి" అన్నది. పది పన్నెండేండ్ల తరువాత వానిని ఒక వర్తకునికి చూపించితిమి. ఆయన భూతద్దము పెట్టి ఒక్క క్షణము చూచి, "తోమినారా?" అని అడిగెను. ఇటుకపొడి గీతలు నాణెము ముఖమంతట గోటి గీరల వలె కనబడుచున్నవి. ఏండ్ల తరబడి గాలి, చేయి, కాలము కలిసి లోహముపై పరచిన పలుచని పొర పోయినది. ఆ పొర నాణెము చర్మము వంటిది. ఒకమారు ఊడినచో ఎవ్వరును తిరిగి అతుకలేరు. అవ్వ తరమువారి చేతులు యాబదియేండ్లలో చేయని నష్టము మేము ఒక పూటలో చేసితిమి. ఆ పదహారింటిలో రెండు అణాలపై తెలుగు అక్షరములు సగము మాసినవి. అరుగుదలతో నీరసించియున్న వానిని మా చేయియే తుడిచివేసినది.

కనుక పాఠకులకు మా మొదటి మనవి: పాత నాణెమును తోమకుడు. దుమ్ము పట్టినచో మంచినీటిలో కడిగి, మెత్తని గుడ్డతో రుద్దక అద్ది, ఆరనిండు. మన పట్టణమున సముద్రపు గాలిలో ఉప్పును తేమయు కలవు. మెత్తని పీవీసీ ప్లాస్టికు సంచులలో దాచిన నాణెములకు జిగట పచ్చదనము పట్టును. ఆమ్లము లేని కాగితపు కవరులలో విడివిడిగా పెట్టి, ఒక్కొక్క కవరుపై తేదీ వ్రాసి, పొడిచోట ఉంచుట మేలు.

ఇక వెల. నాణెము పాతది గనుక విలువైనదను భ్రమ మనలో బలముగా నున్నది. వెలను నిర్ణయించునవి మూడు: ఎన్ని మిగిలినవి, ఏ స్థితిలో నున్నవి, ఎందరు కోరుచున్నారు. 1939 తేదీగల వెండి రూపాయి మిక్కిలి అరుదు గనుక దానికి గొప్ప ధర పలుకును. అణాలు కోట్ల కొలది ముద్రితములైనవి. వేలాది ఇండ్లలో నేటికిని ఉన్నవి. అరిగిన ఆరవ జార్జి అణాకు వర్తకుని యొద్ద కొన్ని పదుల రూపాయలకు మించి ఆశింపరాదు. అరుగనిదానికి ఎక్కువ వచ్చును. తోమినదానికి బాగుగా తగ్గును. తెలుగు అక్షరములుండుట అరుదైన లక్షణము కాదు. 1907 మొదలు రాజుల పేర వెలువడిన ప్రతి నికెలు అణాపైనను అవి కలవు. లక్షల మాట పలుకువాడు మోసగాడే.

ఇందుకు ఒక ఉదాహరణము చెప్పెదము. 1808లో చెన్నపట్టణమునకై సోహో టంకశాలలో పది, ఇరువది కాసుల రాగి నాణెములను ముద్రించి పీపాలకెత్తి, అడ్మిరల్ గార్డ్‌నర్ అను ఓడపై పంపిరి. 1809 జనవరిలో ఆ ఓడ ఇంగ్లాండు తీరము దాటకయే గుడ్విన్ ఇసుకతిన్నెలపై తుపానులో మునిగెను. 1980ల దశకమున గజయీతగాండ్రు ఆ కాసులను లక్షల కొలది పైకి తీసిరి. రెండువందల యేండ్ల పాతవి, పలుమార్లు అక్షరము చెదరనివి. అయినను అన్ని యొక్కమారుగా లభించుటచే సామాన్యులును కొనగల ధరకే దొరకుచున్నవి. మన పట్టణమునకు చేరినవి మాత్రము బజారులలో నలిగి, గుర్తింపరాకుండ అరిగినవి. సముద్రమున పడినవానికి అక్షరము నిలిచినది, కాని అవి ఒక్క పిడికెడు బియ్యమును కొనలేదు. వర్తకుడు మొదటిదానినే మెచ్చును. అది అతని వృత్తిధర్మము. చరిత్ర చదువువారు రెండవదానిని కూడ చేతబట్టి చూడవలెను.

చట్టవిషయము కూడ కొంత తెలిసియుండుట మంచిది. 1972 నాటి పురావస్తువుల చట్టము ప్రకారము నూరేండ్లు నిండిన నాణెము పురావస్తువగును. దానిని ప్రైవేటు వ్యక్తులు విదేశములకు పంపరాదు. అమెరికాలోనున్న మనుమనికి జ్ఞాపకార్థము ఎడ్వర్డు అణా పంపవలెననుకొను తాతలు ఇది గమనింతురు గాక. ఇల్లు త్రవ్వునపుడు నిక్షేపము బయటపడినచో 1878 నాటి చట్టము ననుసరించి ప్రభుత్వమునకు తెలుపవలెను. భారతీయ రిజర్వు బ్యాంకువారు తమ పేరు చెప్పి పాత నాణెముల కొనుగోలుకు రుసుము అడుగువారిని నమ్మవద్దని 2021 ఆగస్టులో ప్రజలను హెచ్చరించిరి. కొనువాడు అమ్మువానికి సొమ్మియ్యవలెను గాని, అమ్మువాని యొద్ద సొమ్ము పుచ్చుకొనుట ఏ బజారు ధర్మమును కాదు. ఈ ఒక్క మాట మా మేనల్లునికి ముందుగా చెప్పియుండిన, పిల్ల రుసుము మిగిలియుండెడిది. ఆ రుసుము మేము పింఛను నుండి కట్టితిమి. పిల్ల చదువు ఆగలేదు.

ఆ గొడవ ముగిసిన మరునాడు అణాలను తిరిగి పెట్టెలో సర్దుచుండగా మా మనుమరాలు వచ్చి కూర్చున్నది. ఎనిమిదేండ్లది. ఇంట తెలుగు మాటలాడును. బడిలో తమిళమును ఇంగ్లీషును చదువును. 2006 నాటి చట్టము పిదప మన పిల్లలు పలువురు బడిలో తెలుగక్షరము నేర్వకయే పెరుగుచున్నారు. తమిళము నేర్చుట మంచిదే, మేమును నేర్చితిమి. ఇంటి అక్షరము ఇంట నేర్పకపోవుట మన లోపము. మనుమరాలు భూతద్దము పట్టి, "తాతా, ఈ గుండ్రని అక్షరాలు ఏమిటి?" అని అడిగినది. ఒ, క, అ, ణా అని చూపించితిమి. వ్రేలితో పలకపై దిద్దినది. మరుదినము మాసిన అణా తీసి, మిగిలిన సగము అక్షరములను చూచి, తక్కిన సగమును తానే పూరించి చదివినది.

సంఘ కార్యవర్గమువారికి మాది ఒక విన్నపము. సంవత్సరమునకొకమారు ఉగాది నాడు సభ్యుల ఇండ్లలోని పాత నాణెములను, తెలుగు దస్తావేజులను తెచ్చి పిల్లలకు చూపు ఏర్పాటు చేయవలెను. 1851లో నెలకొల్పబడి నేడు ఎగ్మూరులోనున్న ప్రభుత్వ వస్తుసంగ్రహాలయమున నాణెముల విభాగము కలదు. పిల్లలను అచటికి కూడ తీసికొని పోవచ్చును. మా పెట్టెలోని పదహారు అణాలకు వర్తకుడు కట్టు వెల ఒక పూట కూరగాయలకు చాలును. వానిని అమ్మదలచుకొనలేదు. ఇకమీదట ఎవ్వరిని తోమనీయము. మనుమరాలు నాలుగు అక్షరములు నేర్చినది, తక్కినవి మొదలుపెట్టితిమి.